ఒకటే, అయినా వేరు: త్రిమతాల లెక్కకు అందని భేదాభేదం

"రోజూ అదే బస్సుకు వస్తాను" అంటాం. నిన్న వచ్చిన బస్సు నంబరు ప్లేటు వేరు, డ్రైవరు వేరు, బహుశా సీట్ల రంగు కూడా వేరు. అయినా అది 'అదే బస్సు'. "మా తమ్ముడిదీ అదే ఫోన్" అంటే తమ్ముడు మన ఫోన్ పట్టుకుపోయాడని ఎవరూ అనుకోరు. "పోయిన ఫోన్ దొరికింది, అదే" అన్నప్పుడు మాత్రం సరిగ్గా ఆ ఒక్క ఫోనే దొరికిందని అర్థం. మొదటిచోట ఒక రకానికి చెందినవి, రెండోచోట ఉన్నదే ఒక్కటి. రెండింటికీ తెలుగులో 'అదే' అన్న మాట చాలు. వినేవాళ్ళకు ఏ తికమకా ఉండదు.

తికమక వచ్చేదల్లా ఆ 'అదే'ని ఒక మనిషి వైపు చూపించి అన్నప్పుడు. 'తత్త్వమసి' అంటే తేలిక తెలుగులో 'అది నువ్వే'. ఆ 'అది' ఈ విశ్వానికి మూలమైన బ్రహ్మం. 'నువ్వు' అంటే పన్నెండేళ్ళు చదువుకుని, బాగా గర్వం తలకెక్కి ఇంటికొచ్చిన శ్వేతకేతు అనే ఇరవైనాలుగేళ్ళ కుర్రాడు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? ఏ అర్థంలో ఒకటి? వేదాంతంలో పుట్టిన శాఖలన్నీ ఈ ప్రశ్నకు చెప్పిన జవాబులేనంటే పెద్ద తప్పు కాదు.

మన దగ్గర ఈ జవాబులు మూడే అన్న అభిప్రాయం గట్టిగా నాటుకుపోయింది. త్రిమతాచార్యులనే మాటే ఉంది: శంకరులు, రామానుజులు, మధ్వాచార్యులు. అద్వైతం అభేదం చెప్పింది, ద్వైతం భేదం చెప్పింది, విశిష్టాద్వైతం ఆ రెండింటి మధ్యలో ఉంది అని బడిలో నేర్చుకున్న లెక్క. ఈ లెక్కలో పడకుండా బయటే ఉండిపోయిన జవాబు ఒకటుంది. భేదమూ నిజమే, అభేదమూ నిజమే అనే భేదాభేద వాదం. దీన్ని తరచుగా రాజీ సూత్రంగా చూస్తారు, గోడ మీద పిల్లివాటం అని కూడా అంటారు. అది అన్యాయం. ఇది మిగతా వాటిని సర్దుబాటు చేయడానికి తర్వాత పుట్టిన వాదం కాదు. ఉపనిషత్తుల తాత్పర్యాన్ని చిన్న చిన్న సూత్రాలుగా కూర్చిన బ్రహ్మసూత్రాలలోనే దీని జాడలు కనిపిస్తాయి. ఇద్దరు తగువు పడుతుంటే మధ్యవర్తి చెప్పే తీర్పులా దీన్ని చదివితే అసలు విషయం చేజారుతుంది.

ముందు శ్వేతకేతు దగ్గరికి వెళ్దాం. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో తండ్రి ఉద్దాలకుడు కొడుకుని ఒక ఉప్పు గడ్డను నీళ్ళలో వేసి తెల్లారి రమ్మంటాడు. పొద్దున్నే "రాత్రి వేసిన ఉప్పు తీసుకురా" అంటాడు. కుర్రాడు చేత్తో తడుముతాడు, దొరకదు. "పైనుంచి కాస్త చప్పరించు, ఎలా ఉంది?" "ఉప్పగా." "మధ్యలోంచి?" "ఉప్పగా." "అడుగునుంచి?" "ఉప్పగానే." కనబడకపోయినా అది ఇక్కడే ఉంది, అదే సత్యం, అదే ఆత్మ, అది నువ్వే శ్వేతకేతూ అంటాడు తండ్రి.

ఈ ఉదాహరణ గొప్పతనం ఏమిటంటే దీన్ని ఎటువైపైనా తిప్పుకోవచ్చు. ఉప్పుకు విడిగా ఉనికి ఎక్కడుంది, అంతా ఒకటైపోలేదా అని అద్వైతి అడగొచ్చు. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళను అడిగితే వేరే సంగతి చెబుతారు: నీరు ఎండకు ఆరిపోతుంది, ఉప్పు మడిలో మిగులుతుంది. కలిసున్నంత మాత్రాన రెండూ ఒకటైపోలేదు. ద్వైతికి కావలసిన సాక్ష్యం అదే. మరి ఉప్పునీళ్ళుగా ఉన్నంతసేపూ, ఆ గుక్కలో ఉప్పు ఏది, నీరు ఏది? వేలు పెట్టి చూపించలేం. కానీ నాలుకకు తెలుస్తూనే ఉంది. భేదాభేదం తన ప్రశ్నను మొదలుపెట్టేది ఈ నాలుక దగ్గరే.

మూడు ప్రసిద్ధమైన జవాబులను త్వరగా చూసి ముందుకు పోదాం. అద్వైత గ్రంథాలలో దొరికే ఉదాహరణ 'సోఽయం దేవదత్తః', అంటే 'ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు'. ఎప్పుడో ఏదో ఊళ్ళో చూసిన మనిషి ఇప్పుడు ఎదురుపడ్డాడు. 'ఆ ఊరు', 'ఈ ఊరు', 'అప్పుడు', 'ఇప్పుడు' అన్న తేడాలను పక్కన పెట్టేస్తే మిగిలే మనిషి ఒక్కడే. అలాగే జీవుడి నుంచీ ఈశ్వరుడి నుంచీ పొసగని గుణాలను తీసేస్తే మిగిలే చైతన్యం ఒక్కటే. రామానుజులు ఏదీ తీసేయరు. నల్లకలువ అన్నప్పుడు నలుపు వేరు, కలువతనం వేరు, కానీ పువ్వు ఒకటే. అలా జగత్తూ జీవులూ శరీరంగా ఉన్న బ్రహ్మం ఒక్కటే. ఇక మధ్వాచార్యులు చేసింది పదో తరగతిలో సవర్ణదీర్ఘ సంధి చదువుకున్న ఎవరికైనా చప్పున తెలుస్తుంది. ఉపనిషత్తులో 'తత్త్వమసి'కి ముందు మాట 'ఆత్మా'. దాన్ని తర్వాతి మాటతో కలిపి చదివి 'ఆత్మా + అతత్' అని విడగొట్టారు. అప్పుడు వచ్చేది 'అతత్ త్వమసి', అంటే 'నువ్వు అది కావు'! వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఒక్క అకారం దాక్కునే చోటులో రెండు మతాలకు మధ్య ఉన్న దూరమంతా ఇమిడిపోయింది.

ఇప్పుడు నాలుగో జవాబు. బ్రహ్మసూత్రాలు మొదటి అధ్యాయం చివర ముగ్గురు పాత ఆచార్యుల పేర్లు వరుసగా చెబుతాయి: ఆశ్మరథ్యుడు, ఔడులోమి, కాశకృత్స్నుడు. జీవుడికీ బ్రహ్మానికీ సంబంధం ఏమిటన్నదే అక్కడి చర్చ. వ్యాఖ్యాతలు చెప్పే ప్రకారం ఆశ్మరథ్యుడిది నిప్పూ నిప్పురవ్వల పోలిక. రవ్వ నిప్పుకు పూర్తిగా వేరు కాదు, పూర్తిగా అదే కూడా కాదు. ఔడులోమి మాత్రం సంసారంలో ఉన్నంతకాలం వేరు, ముక్తిలో ఒకటి అన్నాడు. శంకరులు వీరిలో కాశకృత్స్నుడిదే సరైన మతమని తీర్పు చెప్పారు. అంటే మిగతా రెండూ అప్పటికి తోసిపుచ్చవలసినంత బలంగా ఉన్నాయనే కదా. మూడో అధ్యాయంలో పాము, పాము చుట్ట ఉపమానం ఉంది. చుట్టగా చూస్తే వేరు, పాముగా చూస్తే వేరు కాదు. శంకరులకు ముందే భర్తృప్రపంచుడనే వ్యాఖ్యాత ఈ దారిలో బృహదారణ్యకానికి భాష్యం రాశాడు. అది ఇప్పుడు దొరకదు. ఆయన ఏమన్నాడో తెలిసేది, ఆయన్ని ఖండించినవాళ్ళ పుస్తకాల్లోంచే. ఓడిపోయినవాడి కథ గెలిచినవాడి నోట వినాల్సి రావడం చరిత్రలో మామూలే. శంకరుల తర్వాత భాస్కరుడు, ఆ తర్వాత కంచిలో రామానుజులకు కొంతకాలం గురువుగా ఉన్న యాదవప్రకాశుడు ఇదే కోవకు చెందినవాళ్ళు.

భాస్కరుడి వాదం బంగారంతో మొదలవుతుంది: కార్యంగా చూస్తే అనేకం, కారణంగా చూస్తే ఒకటి, బంగారంగా తేడా లేదు, కుండలాలుగా గాజులుగా తేడా ఉంది. చదివితే సాదాగా ఉంటుంది. ఈ మాట లోతు తెలియాలంటే నగల దుకాణానికి వెళ్ళాలి. కొత్త గాజులు కొనేటప్పుడు బిల్లులో బంగారం ధర ఒక్కటే ఉండదు. తరుగు ఉంటుంది, మజూరీ ఉంటుంది. డిజైన్ మారితే మజూరీ మారుతుంది. అంటే ఆ రూపం నిజమైనదే, దానికి రేటు కూడా ఉంది. అవే గాజులు పదేళ్ళ తర్వాత మార్చుకుందామని తీసుకెళ్తే, అదే కౌంటరు మీద త్రాసులో పెట్టి, రాళ్ళ బరువు తీసేసి, ఇంత బంగారం అంటారు. డిజైన్‌కు పైసా రాదు. అమ్మేటప్పుడు దుకాణదారు ద్వైతి, కొనేటప్పుడు అద్వైతి! నవ్వులాటకు అన్నా, ఇందులో గట్టి విషయమే ఉంది. రెండు లెక్కల్లో ఏదీ మోసం కాదు. బంగారం లేకుండా గాజు లేదు. గాజో, గొలుసో, బిస్కెట్టో, ఏదో ఒక రూపం లేకుండా బంగారాన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అద్వైతి ఊరుకోడు. రూపం వ్యవహారానికే నిజం, పరమార్థంలో బంగారమే నిజం అంటాడు. ఉద్దాలకుడే చెప్పాడు కదా, వికారం మాటతో మొదలైన పేరు మాత్రమే, 'మట్టి అన్నదే సత్యం' అని. భేదాభేదవాది జవాబు ఇలా ఉంటుంది: మట్టి నిజమన్నాడు సరే, కుండ అబద్ధమని ఎక్కడన్నాడు? మట్టి ముద్ద మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి. అదే మట్టిని సారె మీద తిప్పి, కాల్చి, కుండ చేసి పోస్తే నిలుస్తాయి. ముద్ద చేయలేని పని కుండ చేస్తోంది. పనిలో తేడా ఉన్నప్పుడు వస్తువులో తేడా లేదనడం ఎలా? అలాగని కుండలోంచి మట్టిని తీసేసి కుండను మాత్రం ఉంచమంటే ఏ కుమ్మరీ చేయలేడు.

శంకరులకు ఈ వాదం బాగా తెలుసు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో ఆయనే దీన్ని పూర్వపక్షంగా, అంటే ఖండించబోయే ఎదుటివాళ్ళ వాదంగా, ఎంతో చక్కగా చెబుతారు. చెట్టుగా ఒకటి, కొమ్మలుగా అనేకం. సముద్రంగా ఒకటి, నురగగా అలలుగా అనేకం. మట్టిగా ఒకటి, కుండలుగా మూకుళ్ళుగా అనేకం. తర్వాత దాన్ని కూలదోస్తారు. ఏకత్వమూ అనేకత్వమూ రెండూ సత్యమైతే, ఏకత్వజ్ఞానం వల్ల అనేకత్వం అన్న భ్రమ పోయి మోక్షం వస్తుందని ఎలా చెప్పగలం అన్నది ఆయన అభ్యంతరం. నిజమైనదాన్ని జ్ఞానం పోగొట్టలేదు. తాడును చూసి పాము అనుకుంటే దీపం తెచ్చి చూస్తే పాము పోతుంది. నిజం పామైతే దీపం తెచ్చినా పోదు.

ఇంకో చిక్కు తర్కం వైపునుంచి వస్తుంది. మట్టి కోణంలో ఒకటి, కుండ కోణంలో వేరు అన్నారు, బాగుంది. ఆ రెండు కోణాలూ ఒకటా, వేరా? వేరైతే భేదం ఒకచోట, అభేదం ఇంకోచోట ఉన్నాయి. అలాంటప్పుడు 'రెండూ కలిసి' అన్నదేముంది? ఒకటైతే తేడా మాయమైంది. కాదు, కోణాలకు కూడా భేదాభేదమే అంటే ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది, దానికి అంతుండదు. ఈ వాదాన్ని రాజీ సూత్రమని తేలిగ్గా తీసుకునేవాళ్ళు చాలామంది ఈ దెబ్బ దగ్గరే ఆగిపోతారు.

ఆగకూడదు, ఎందుకంటే ఇక్కడే భేదాభేదం చెప్పిన నింబార్కుడనే ఆచార్యుడి సంప్రదాయం ఆటను మార్చింది. భేదం, అభేదం అన్నవి ఒకదానికొకటి వ్యతిరేకపదాలుగా తీసుకుంటేనే వైరుధ్యం. 'ఉంది', 'లేదు' అన్నట్టుగా. వాళ్ళు ఆ రెండు మాటలకూ అర్థం వేరేగా చెప్పారు. జీవుడికి తనదైన స్వభావం ఉంది, అది బ్రహ్మం స్వభావం కాదు, ఇది భేదం. జీవుడికి బ్రహ్మాన్ని వదిలి విడిగా నిలబడే శక్తి లేదు, వాడి ఉనికి పరతంత్రం, ఇది అభేదం. ఇప్పుడు చూడండి, 'తనదైన స్వభావం ఉంది' అన్న మాటకు 'విడిగా నిలబడలేదు' అన్నది వ్యతిరేకం కానే కాదు. ఎండ ఎండే, సూర్యుడు కాదు. ఎండలో బట్టలు ఆరేస్తాం, సూర్యుడిలో ఆరేయం. కానీ సూర్యుణ్ణి వదిలేసి ఎండ ఒక్కటే సాయంత్రం ఏడింటికి పెరట్లో ఉండిపోదు.

'భేదం' అనగానే 'విడిపోవడం' అని వినడం వల్లే సగం గొడవ. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే మనకు 'వేరు' అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. 'వాడి పద్ధతి వేరు' అన్నప్పుడు తేడా, 'వేరు కాపురం పెట్టాడు' అన్నప్పుడు విడిపోవడం. ఒకే ఇంట్లో ఉంటూ నలుగురు అన్నదమ్ములు నాలుగు రకాలుగా ఉండొచ్చు. పక్క ఊళ్ళో వేరు కాపురం పెట్టినవాడు అచ్చు తండ్రిలాగే ఉండొచ్చు. (చెట్టును నిలబెట్టే దాన్ని కూడా మనం వేరు అనే అంటాం, నిఘంటువులో రెండూ వేర్వేరు మాటలే అయినా.) భేదాభేదం ఒప్పుకునే వేరు మొదటి రకం, ఒప్పుకోనిది రెండో రకం. భగవద్గీత పదమూడో అధ్యాయం బ్రహ్మాన్ని 'అవిభక్తం' అంటుంది, ప్రాణులలో విభజింపబడినట్టు ఉన్నా విడిపోనిది అని. ఆ అవిభక్తమే ఇవాళ ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాల్లో 'హిందూ అవిభక్త కుటుంబం'గా ఉంది. మనుషులు వేరు, ఉద్యోగాలు వేరు, ఆస్తి మాత్రం పంచుకోలేదు.

భాస్కరుడికీ నింబార్కుడికీ మధ్య తేడా కూడా చిన్నది కాదు. భాస్కరుడి లెక్కలో అభేదం సహజం, భేదం ఉపాధి వల్ల, అంటే బయటినుంచి తగులుకున్న హద్దు వల్ల వచ్చింది. కుండలోని ఆకాశం కుండ పగిలితే పెద్ద ఆకాశంలో కలిసిపోతుంది కదా, అలా. నింబార్కుడి మాట వేరు: రెండూ స్వాభావికమే. ముక్తి వచ్చినా భేదం పోదు. అందుకే ఆ మతానికి స్వాభావిక భేదాభేదమని పేరు. తేడా మధ్యలో వచ్చిందా, మొదటినుంచీ ఉందా? ఈ ప్రశ్న వేదాంతానికే పరిమితం కాదని తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 1956 నవంబరు 1న ఒక్కటైన రాష్ట్రం 2014 జూన్ 2న రెండయింది. ఆ మధ్య జరిగిన వాదనల్లో ఒక పక్షం భాష ఒకటే, తేడాలు పైనుంచి వచ్చిపడ్డవని అంది. ఇంకో పక్షం తేడా మొదటినుంచీ నిజం, దాన్ని లేదన్నందుకే నష్టపోయామని అంది. 'రాష్ట్రాలుగా విడిపోదాం, ప్రజలుగా కలిసుందాం' అన్న నినాదం భేదాభేదానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి! దాన్ని పుట్టించినవాళ్ళు నింబార్కుణ్ణి చదివి ఉండకపోవచ్చు.

విశిష్టాద్వైతంతో పోల్చి, అదీ ఇదీ ఒకటే కదా అనేవాళ్ళున్నారు. దగ్గరివే, కానీ నింబార్క సంప్రదాయం వాళ్ళు ఒక పదునైన ప్రశ్న వేశారు. జీవులూ జగత్తూ బ్రహ్మానికి విశేషణాలు అంటున్నారు. విశేషణం పనేమిటి? మిగతావాటి నుంచి వేరుచేసి చూపడం. 'నల్ల ఆవును తోలుకురా' అంటే ఎర్ర ఆవు, తెల్ల ఆవు ఉన్నాయి కాబట్టి నలుపుకు పని ఉంది. బ్రహ్మం తప్ప ఇంకేమీ లేనప్పుడు, ఈ విశేషణాలు దాన్ని దేన్నుంచి వేరు చేస్తున్నట్టు? రామానుజ సంప్రదాయానికి దీనికి జవాబు లేదని కాదు. కానీ ప్రశ్న అడిగిన తీరులోనే తెలుస్తుంది, వీళ్ళు జీవుణ్ణి బ్రహ్మానికి విశేషణంగా చూడటానికి ఇష్టపడలేదని.

ఈ నింబార్కుడు తెలుగు బ్రాహ్మణుడని ఆయన సంప్రదాయమే చెబుతుంది. ఏ కాలంవాడన్న దాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. శుద్ధాద్వైతం అనే ఇంకో వేదాంత శాఖను చెప్పిన వల్లభాచార్యుల కుటుంబం కూడా తెలుగుదే. ఇద్దరి సంప్రదాయాలూ వేళ్ళూనుకున్నది మాత్రం వ్రజభూమిలో, రాజస్థాన్‌లో, గుజరాత్‌లో. గుజరాత్‌లో వల్లభుల పేరు తెలియని ఇల్లు అరుదు. తెలుగునాట శంకరజయంతి తెలుసు, రామానుజుల తిరునక్షత్రం తెలుసు; నింబార్కుడి పేరు ఎందరు విన్నారు? మూడు మతాల లెక్క మనల్ని మన వాళ్ళకే దూరం చేసిందనుకోవాలి.

అయితే ఈ వాదానికి సంబంధించిన అత్యంత అందమైన ఘట్టం మాత్రం మన గోదావరి ఒడ్డునే జరిగింది. 1510లో సన్యాసం తీసుకున్న బెంగాలీ కృష్ణభక్తుడు చైతన్యుడు పూరీ నుంచి దక్షిణ యాత్రకు బయల్దేరాడు. శ్రీకూర్మం, సింహాచలం మీదుగా గోదావరి చేరాడు. అప్పటికి ఆ ప్రాంతం ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉంది. కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చి శాసనం వేయించింది ఆ తర్వాత, 1516లో. గజపతి ప్రతాపరుద్రుడి తరఫున ఇక్కడ పాలన చూస్తున్నది రామానందరాయుడు. కృష్ణదాస కవిరాజు బెంగాలీలో రాసిన చైతన్య చరితామృతం ఈ భేటీని తీరిగ్గా వర్ణిస్తుంది. రాయుడు పల్లకీలో, మేళతాళాలతో, వైదిక బ్రాహ్మణులు వెంట రాగా స్నానానికి వచ్చాడు. దూరంగా కూర్చున్న సన్యాసిని చూసి తనే దగ్గరికెళ్ళాడు. ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. చుట్టూ ఉన్న బ్రాహ్మణులు విస్తుపోయారు: ఇంత తేజస్సున్న సన్యాసి ఒక శూద్రుణ్ణి కౌగిలించుకోవడమేమిటి, రాజులా ఉండే ఈ అధికారి సన్యాసిని తాకి ఇలా చలించిపోవడమేమిటి?

ఆ తర్వాత పది రాత్రులు మాట్లాడుకున్నారు. సన్యాసి అడుగుతాడు, అధికారి చెబుతాడు. సాధ్యం ఏమిటో చెప్పు అంటే రాయుడు స్వధర్మం దగ్గర మొదలుపెడతాడు. "ఇది పైపైదే, ఇంకా చెప్పు" అంటాడు చైతన్యుడు. కర్మఫలాన్ని అర్పించడం. "ఇదీ పైపైదే, ఇంకా చెప్పు." జ్ఞానంతో కలిసిన భక్తి. అదీ చాలదు. జ్ఞానం ప్రసక్తి లేని భక్తి అన్నప్పుడు గానీ "ఇది సరే" అనడు. అక్కడినుంచి దాస్యం, సఖ్యం, వాత్సల్యం, కాంతాప్రేమ అని మెట్లు పైకి పోతాయి. చివరికి రాయుడు తను కట్టిన పాట ఒకటి పాడతాడు. రాధ మాటలవి: అతను నాథుడూ కాదు, నేను ఇంతినీ కాదు, మన్మథుడు ఇద్దరి మనసులనూ నూరి ఒకటి చేసేశాడు. అంతే, చైతన్యుడు చెయ్యి చాచి రాయుడి నోరు మూశాడు.

ఎందుకు మూశాడో గ్రంథం విడమరిచి చెప్పదు. ప్రేమతో మూశాడని మాత్రం అంటుంది. అతి రహస్యమైన మాట కాబట్టి అన్నారు కొందరు వ్యాఖ్యాతలు. ఇంకోలా కూడా చదవొచ్చు. 'అతనూ లేడు, నేనూ లేను' అన్నంత ఐక్యం ప్రేమకు శిఖరమే. కానీ ఇంకొక్క అడుగు ముందుకేస్తే ప్రేమించడానికి ఎవరూ మిగలరు. నోటి మీద పడిన ఆ చెయ్యి సరిగ్గా ఆ అంచు దగ్గర పడింది. పాటను కాదనలేదు, పూర్తి కానివ్వనూ లేదు.

చైతన్యుడి శిష్యపరంపరలో ఈ వాదానికి అచింత్య భేదాభేదమని పేరొచ్చింది. 'అచింత్యం' అంటే ఆలోచించకండి, నోరు మూసుకుని నమ్మండి అని చాలామంది అనుకుంటారు. ఆ పరంపరలోని పండితుడు జీవగోస్వామి వాడుకలో ఆ మాటకు పారిభాషికమైన అర్థం ఉంది. విష్ణుపురాణానికి శ్రీధరస్వామి రాసిన వ్యాఖ్య నుంచి ఆయన తీసుకున్నది ఇది: భిన్నమా అభిన్నమా అన్న వికల్పాలతో తేల్చలేనిది, అర్థాపత్తి వల్ల మాత్రమే తెలిసేది అచింత్యం. అర్థాపత్తికి పాత ఉదాహరణ మళ్ళీ మన దేవదత్తుడే. దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు ముద్ద ముట్టడు. రెండూ కళ్ళారా చూసినవే. అంటే రాత్రి తింటున్నాడు! చూసినవాళ్ళెవరూ లేరు, కానీ ఒప్పుకోక తప్పదు, లేకపోతే కళ్ళ ముందున్నది అర్థం కాదు. విష్ణుపురాణం చెప్పిన పోలిక నిప్పూ వేడీ. వేడి నిప్పులోంచి బయటికొచ్చి మన చేతికి తగులుతుంది, చెయ్యి నిప్పులో పెట్టక్కర్లేదు. కాబట్టి వేరు. వేడిని తీసేసి నిప్పును ఉంచమంటే కుదరదు. కాబట్టి వేరు కాదు. రెండింటిలో ఏది వదులుకున్నా చలిమంట దగ్గర కూర్చున్న మనిషి అనుభవం తప్పవుతుంది. వివరించలేకపోవడం ఒక సంగతి, కాదనలేకపోవడం ఇంకో సంగతి. అచింత్యం రెండోదాని గురించి. ఇది గెలుపు కాదనేవాళ్ళున్నారు. తార్కికుడు అడిగిన కోణాల ప్రశ్నకు ఇది జవాబు చెప్పలేదు, నిజమే. నీ ప్రశ్న వేసిన పద్ధతిలో ఈ వస్తువు ఇమడదు అని మాత్రం చెప్పింది.

ఒడ్డున విస్తుపోయిన బ్రాహ్మణుల సంగతి మధ్యలో వదిలేశాం. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో జీవుడు బ్రహ్మానికి అంశ అని చెప్పే సూత్రం ఒకటుంది. వేరని చెప్పడం వల్లా, వేరు కాదని కూడా చెప్పడం వల్లా అంశ అనాలి అంటుంది. వేరు కాదనడానికి అది ఇచ్చిన సాక్ష్యం ఒక అథర్వణ మంత్రం: జాలరులు బ్రహ్మమే, దాసులు బ్రహ్మమే, ఈ జూదరులూ బ్రహ్మమే. భేదాభేదానికి ఇంతకన్నా సూటి సూత్రం ఇంకోటి లేదు, దానికి సాక్ష్యంగా వచ్చినవాళ్ళు సమాజం అంచున ఉన్నవాళ్ళు. మరి ఆ సూత్రానికి భాష్యాలు రాసినవాళ్ళు ఆ జాలరిని పక్కన కూర్చోబెట్టుకున్నారా? అదే బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయంలో శూద్రుడికి వేదాధ్యయనం లేదన్న అధికరణం (ఒక విషయం మీద చర్చాభాగం) ఉంది. అభేదం చెప్పిన శంకరులూ దాన్ని ఒప్పుకున్నారు, భేదం చెప్పినవాళ్ళూ ఒప్పుకున్నారు. అంతా బ్రహ్మమే అన్న మాటతో అంటరానితనం ఎన్ని వందల ఏళ్ళు హాయిగా కాపురం చేసిందో తెలిసిందే. భేదాభేదవాదులు కూడా కులాన్ని కూలదోసినవాళ్ళు కారు. అయినా గోదావరి ఒడ్డున చైతన్యుడు రామానందుడితో అన్న మాట ఒకటి నిలిచి ఉంది: విప్రుడైనా, సన్యాసైనా, శూద్రుడైనా, కృష్ణతత్త్వం తెలిసినవాడే గురువు. పది రాత్రులూ ప్రశ్నలడిగే శిష్యుడి స్థానంలో కూర్చున్నది బ్రాహ్మణ సన్యాసి. జవాబులు చెప్పింది రాయుడు. రాయుడు రాయుడిగానే ఉన్నాడు, సన్యాసి సన్యాసిగానే ఉన్నాడు. మారింది ఎవరు అడగాలి, ఎవరు చెప్పాలి అన్నదే.

చైతన్యుడు దక్షిణం వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ గోదావరికి వచ్చాడు. దారిలో దొరికిన రెండు పుస్తకాలు, బ్రహ్మసంహిత, కృష్ణకర్ణామృతం, రాయుడికి చూపించాడు. ఇద్దరూ కలిసి చదువుకున్నారు. రాయుడు వాటికి నకళ్ళు రాయించి ఉంచుకున్నాడు. అవే పుస్తకాలు, ఇప్పుడు రెండేసి. పూరీకి వచ్చేయడానికి రాజుగారి అనుమతి కూడా తెచ్చుకున్నాడు. అయినా ఇద్దరూ కలిసి బయల్దేరలేదు. "నా వెంట ఏనుగులు, గుర్రాలు, సైన్యం గోల ఉంటుంది. మీరు ముందు పదండి, ఇవన్నీ సర్దుకుని పది రోజుల్లో వెనకే వస్తాను" అన్నాడు రాయుడు. చైతన్యుడు సరేనని ముందుగా నడుచుకుంటూ వెళ్ళాడు.